మా ఇంటి ముందు ర్యాంపు

జగ్గయ్యపేటలో చిన్నపిల్లని చెయ్యి పట్టుకుని నడిపించి ఇంటికి తీసుకురావటమంటే రోజూ ఒక యుద్ధమే. ఉత్తినే అనటం లేదు. మా పాప ఎల్‌కేజీలో ఉన్నప్పుడు బడి నుంచి ఇంటికి వచ్చే సమయంలో సగం నడకకి, సగం తిట్లకి పోయేది. వీపు మీదికొచ్చి హారన్ కొట్టేవాణ్ణి తిట్టాలి. బండి మీద పోతూ పక్కకి ఉమ్మేవాణ్ణి తిట్టాలి. రోడ్డు మీదే సిమెంటు కలుపుకునే మేస్త్రీని, ఇసక పోయించుకుని నెల తిరిగినా ఎత్తించని ఇంటాయనని తిట్టాలి. ఇల్లు చేరేసరికి నా గొంతు ఎండిపోయేది. ఓసారి పాప బళ్ళో టీచరు దగ్గర నేను నేర్పని మాటలు రెండు అనేసిందట. నేను నేర్పలేదు నిజమే, నా పక్కన నడిచి నేర్చుకుంది.

మా వీధికి సిమెంటు రోడ్డు పోసినప్పుడు రెండు పక్కలా కాలవలు కట్టి, వాటి మీద పలకలు పరిచారు. ఆ పలకలు మనుషులు నడవటానికే. పని చేయించిన మేస్త్రీ కూడా అదే చెప్పాడు. "పిల్లలు, పెద్దోళ్ళు దీని మీంచి పోవచ్చండి, బళ్ళ భయం ఉండదు" అన్నాడు పాపం. రోడ్డు ఎత్తయిందని అందరూ ఇళ్ళకి మెరక పోయించుకున్నారు. మెరక పోయించాక బండి లోపలికి ఎక్కాలిగా! ఎవరి గేటు ముందు వాళ్ళు పలకల మీద ర్యాంపు పోసేసుకున్నారు. ఒకరిది గ్రానైటు, ఒకరిది గళ్ళ ఇనప రేకు. పక్కింటివాళ్ళు ర్యాంపు పక్కన జాగా ఊరికే పోతోందని తులసికోట కట్టారు. దేవుడి జోలికి ఎవడు పోతాడు? ఎదురింటాయన బోరు మోటారు పెట్టి దానికో రేకుల గది కట్టాడు. ఏడాది తిరిగేసరికి వీధి ఆ చివర నుంచి ఈ చివరకి పలకల మీద పిల్లి కూడా నడిచే దారి లేదు.

అన్నిటికన్నా పెద్ద ర్యాంపు మాది. ఇప్పుడది లేదు, అది ఎలా పోయిందో చెబుదామనే ఇదంతా. మా మామగారు లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి మానుకున్న మనిషి. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆ ర్యాంపు దగ్గరుండి కట్టించారు. రెండువైపులా మోకాలెత్తు గోడలు, మీద ఎర్ర టైల్సు. టైల్సు అతికించిన రోజు వీధిలో వాళ్ళని పిలిచి మరీ చూపించారు. ఆ గోడల వల్ల దాన్ని పక్కనుంచి ఎక్కటానికి కుదరదు. మా ఇంట్లోకి మేం వెళ్ళాలన్నా రోడ్డు సగం దాకా పోయి, అక్కడ తిరిగి, ఎదురుగా ఎక్కాలి.

"మామయ్యగారూ, పాప రోజూ రోడ్డులోకి దిగాల్సొస్తోందండీ. ఒక పక్క గోడ తీయించేద్దాం" అని అడిగాను.

"గోడ తీస్తే కుక్కలెక్కుతయ్యమ్మా. నువ్వు పాప చెయ్యి గట్టిగా పట్టుకో, చాలు" అన్నారు.

గట్టిగానే పట్టుకున్నాను. ఆ రోజు కూడా పట్టుకునే ఉన్నాను.

మిరప కోతల కాలం. బడి వదిలాక పాపా నేనూ ఇంటి దాకా వచ్చేశాం. ర్యాంపు మొదట్లో అడ్డంగా మామగారి స్కూటరు పెట్టి ఉంది. దాన్ని తప్పించుకోవటానికి ఇంకో అడుగు రోడ్డులోకి వేశాం. ఎదురుగా బైకు మీద ఇద్దరు కుర్రాళ్ళు ఒకటే స్పీడుగా వస్తున్నారు. మా వెనక నుంచి ఒక ఆటో వస్తోంది. చందర్లపాడు వైపు చేలల్లో మిరపకాయలు కోసి వస్తున్న కూలి ఆడవాళ్ళు అందులో కిక్కిరిసి ఉన్నారు. బైకు రోడ్డు మధ్యకి దూసుకొచ్చింది. దాన్ని తప్పించబోయి ఆటోవాడు హ్యాండిల్ మా వైపు కోశాడు. ఆటో వెనక చక్రం మా పాప కాలి మీంచి పోయింది.

పాప చెయ్యి నా చేతిలోనే ఉంది.

ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఎండిన కందికట్టె విరిచినట్టు వినపడింది. పాప ఏడవలేదు. నోరు పెద్దగా తెరిచి ఉంది కానీ గొంతు రావటం లేదు. ఏడిస్తే బాగుండు దేవుడా, ఏడిస్తే బాగుండు అనుకుంటూ రోడ్డు మీదే కూలబడి ఒళ్ళోకి తీసుకున్నాను. మోకాలి కింద కాలు పక్కకి వంగి ఉంది. తెల్ల మేజోడు ఎర్రగా అయిపోతోంది.

మా మామగారు అరుగు మీంచి అంతా చూశారు. పరుగెత్తుకుంటూ ర్యాంపు దిగి వచ్చారు. వచ్చి పాపని ఎత్తుకుంటారనుకుని నేను చేతులు చాచాను. ఆయన మమ్మల్ని దాటుకుని పోయారు. పోయి ఆటోవాణ్ణి చొక్కా పట్టి బయటికి లాగారు. ఆ పెద్దమనిషి చేతుల్లో అంత బలముందని నాకు అప్పటిదాకా తెలియదు. "నా మనవరాలిని చంపేశావు కదరా!" అంటూ చెంపల మీద, మెడ మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టారు.

అంతే, వీధి వీధంతా దిగింది. ఎదురింటాయన ఇటుక తీసుకుని ఆటో ముందు అద్దం పగలగొట్టాడు. పక్కింటి అబ్బాయి క్రికెట్ బ్యాటు తెచ్చాడు. కుళాయి దగ్గర నీళ్ళ కోసం తగువుపడి ఏళ్ళ తరబడి మాటలు లేనివాళ్ళు ఆ రోజు భుజం భుజం కలిపి ఒక మనిషిని తన్నారు. కింద పడ్డవాణ్ణి కూడా వదలలేదు. ఒకడు కడుపులో తన్నితే ఇంకొకడు తనకి చోటివ్వమని తోసుకుంటున్నాడు. తీరా చూద్దును కదా, మా మీదికొచ్చిన ఆ బైకు కుర్రాళ్ళిద్దరూ బండికి స్టాండేసి మరీ వచ్చి కొడుతున్నారు!

"ఆపండ్రా! పిల్లని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి, ఆపండి!" అని అరిచాను. ఎవడూ వినలేదు. ఒకాయన మాత్రం వెనక్కి తిరిగి, ఎంతో ఓదార్పుగా, "నువ్వుండమ్మా, ముందు వీడి సంగతి తేల్చనీ" అన్నాడు. ముందు అట! నా బిడ్డ నెత్తురు వాళ్ళ కాళ్ళ పక్కనే పారుతోంది.

ఎవరో పుణ్యాత్మురాలు అంబులెన్సుకి ఫోన్ చేసింది. అది హైవే మీద ఇంకో ప్రమాదం దగ్గరుందట, అక్కడ తెమిలాక వస్తామన్నారు. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నారు. వీధిలో కారున్నది ఒక్కళ్ళకే, వాళ్ళు ఊళ్ళో లేరు. ఇక పిల్లని పడుకోబెట్టి తీసుకెళ్ళటానికి ఉన్న బండల్లా ఆ ఆటోనే. దాన్ని నడిపేవాడు మా వాళ్ళ కాళ్ళ కింద ఉన్నాడు.

ఆటోలోంచి దిగిన కూలీల్లో ఒక ముసలావిడ నా దగ్గరికి వచ్చింది. పాపని ఆవిడ ఒళ్ళో పెట్టాను. కాలి చెప్పు తీసి గుంపు మీద పడ్డాను. ఎవరి వీపు, ఎవరి నెత్తి అని చూడలేదు, బాదుతూ పోయాను. ఎప్పుడైతే నేను కొట్టటం మొదలెట్టానో, మిగతా కూలి ఆడవాళ్ళకీ ధైర్యం వచ్చింది. "ఏందిరా, మా పిల్లోణ్ణి సంపుతార్రా మీరు!" అంటూ వచ్చి పడ్డారు. వాళ్ళ చేతుల్లో కర్రల్లేవు, రాళ్ళు లేవు. పొద్దుణ్ణించి పండుమిరప కోసిన చేతులు అవి. దొరికిన మొహాన్ని దొరికినట్టు పట్టుకుని కళ్ళ మీదుగా ఒక్క రుద్దు రుద్దారు.

అబ్బ, ఆ కేకలు! ఇటుక పట్టుకున్న ఎదురింటాయన రోడ్డు మీద గంతులేశాడు. బ్యాటు పట్టిన అబ్బాయి "అమ్మో అమ్మో" అంటూ గోడకి గుద్దుకున్నాడు. అందరూ కళ్ళు మూసుకుని కుళాయి ఎటుందో తడుముకుంటూ పరుగెత్తారు. నవ్వాల్సిన సంగతే, ఇప్పటికీ మా వీధి ఆడవాళ్ళు తలుచుకుని నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

ఆటో అబ్బాయి లేచి కూర్చున్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కనుబొమ్మ చిట్లి నెత్తురు గడ్డం దాకా కారుతోంది. "నడపగలవా?" అని అడిగాను. నేనూ కొడతాననుకుని చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"కొట్టరు గదమ్మా?"

"కొట్టను. నువ్వు నడపకపోతే మాత్రం చంపేస్తా. ఎక్కు."

వీధి మొదట్లో ఉన్న డాక్టరు పాప కాలికి అటూ ఇటూ చెక్కలు పెట్టి కట్టు కట్టాడు. ఎముకలు విరిగాయి, ఆలస్యం చేయకండి అన్నాడు. నా పుట్టిల్లు నందిగామ. అక్కడ మా నాన్న తుంటి విరిగినప్పుడు బాగుచేసిన ఎముకల డాక్టరు ఉన్నాడు. ఆ కంగారులో ఆయన తప్ప ఇంకెవరూ గుర్తుకు రాలేదు. నందిగామ పోనీ అన్నాను.

ముందు అద్దం లేని ఆటో హైవే ఎక్కింది. గాలి మొహాన కొడుతోంది, గాజు ముక్కలు మా చీరల్లో ఉన్నాయి. ఒక్కో లారీ పక్కనుంచి పోతుంటే ఆటో ఊగిపోతోంది, ఊగినప్పుడల్లా పాప మూలుగుతోంది. ముసలావిడ కూడా మాతో వచ్చింది. పాప కాలు కదలకుండా పట్టుకోవాలి కదా. ఆవిడ ముందు తన పమిట రెండు చేతులకీ దట్టంగా చుట్టుకుని, అప్పుడు పట్టుకుంది. "నా సెయ్యి తగిల్తే మంటపుడుద్ది బిడ్డకి" అంది. అప్పటిదాకా లోపల బిగబట్టుకున్నదంతా ఆ మాటకి ఒక్కసారిగా బయటపడింది. భోరున ఏడ్చాను.

ఆటో అబ్బాయి భుజంతో కన్ను తుడుచుకుంటూ నడుపుతున్నాడు. తనూ ఏడుస్తున్నాడు. కొంత దూరం పోయాక వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "నేను బండి అటు కోయటం తప్పేనమ్మా. కానీ మీరు పసిపిల్లని రోడ్డు మధ్యలోకి ఎందుకు తెచ్చారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా ఇల్లే అక్కడ! మా ఇంట్లోకి మేం పోవద్దా?"

"ఇంట్లోకి పోడానికి రోడ్డు మధ్యకెందుకమ్మా రావటం?"

గట్టిగా ఏదో అనబోయాను. అంతసేపూ వాడి మీద, బైకు మీద, వీధి మీద ఎగిరిన నా కోపం ఆ ఎర్ర టైల్సు దగ్గరికి పోయి ఆగింది.

నందిగామ దగ్గరపడుతుండగా పాప మొదటిసారి మాట్లాడింది. కాలు నొప్పి అనలేదు. "అమ్మా, తాతయ్య ఈ అంకుల్ని చంపేస్తాడా?" అంది.

"లేదమ్మా. అంకులే మనల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడు, చూడు."

పాప అతని మెడ వెనక గడ్డకట్టిన నెత్తురు చూసింది.

హాస్పిటల్లో పాపని స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ఆటో అబ్బాయి వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. ఎవరు చెప్పారో ఏమో, మా ఆయన ఫ్యాక్టరీ బట్టలతోనే బైకు మీద వచ్చేశారు. వచ్చీ రాగానే, పాప ఎక్కడుందని కూడా అడగకుండా, "వీడేనా?" అంటూ ఆ అబ్బాయి మీదికి చెయ్యెత్తారు. నేను వెనకనుంచి చొక్కా పట్టి లాగాను, గుండీలు ఊడి వరండా అంతా దొర్లాయి. "వాడి మీద చెయ్యి పడిందంటే నీకూ ఇక్కడే కట్టు కట్టిస్తా, ఏమనుకున్నావో!" అన్నాను. పదిమందిలో మొగుణ్ణి ఆ మాట అన్నందుకు మా అత్తగారి వైపు వాళ్ళు ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు, చెయ్యనీ.

ఆ రభసలో "నాన్నా, వద్దు!" అని ఒక కేక వినపడింది. స్ట్రెచర్ మీంచి పాప. ఆ తర్వాత ఎముక సరిచేసేటప్పుడు కూడా అది అంత గట్టిగా అరవలేదు.

డాక్టరు రెండు ఎముకలూ సరిగా కూర్చి, తొడ దాకా కట్టు వేశాడు. కాలు దక్కుతుంది, మామూలుగానే నడుస్తుంది అన్నాడు. ఆటో అబ్బాయికి కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. అతను ముసలావిడని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

కాలికి భయం లేదు. భయమంతా పిల్లకి పట్టుకుంది. ఇంటికొచ్చాక వీధిలో ఎవరైనా మగవాళ్ళు గట్టిగా మాట్లాడితే చాలు, దుప్పటి నెత్తి మీదికి లాక్కునేది. ఆటో చప్పుడుకి మాత్రం కిటికీలోంచి తొంగి చూసేది. నాకు అర్థం కావటానికి కొన్ని రోజులు పట్టింది. దీనికి ఆటో అంటే భయం లేదు, మేమంటే భయం. బయటికి వెళ్దామా అంటే "తాతయ్య మళ్ళీ కొడతాడు" అనేది. ఈ పిల్ల కాలు బాగయ్యాక మాత్రం గడప దాటుతుందా అని నాకు బెంగ పట్టుకుంది.

ఆ రోజుల్లోనే మునిసిపాలిటీ వాళ్ళు మా వార్డులో ఒక మీటింగు పెట్టారు. ఊరిని చిన్నపిల్లలకి అనుకూలంగా మార్చాలట, మీ వీధిలో ఏం కావాలో చెప్పండి అన్నారు. మా వీధి వాళ్ళు ఉత్సాహంగా లేచారు. ఒకరు జారుడుబల్ల అన్నారు, ఒకరు కెమెరాలన్నారు. బ్యాటు తెచ్చిన అబ్బాయి నాన్న స్పీడ్ బ్రేకర్లు వెయ్యాలన్నాడు. "మొన్న ఓ పసిపాపని ఆటోవాడు తొక్కేశాడండీ" అని మా సంగతే చెప్పి అందరి చేతా అయ్యో అనిపించాడు.

నేను లేచాను. "జారుడుబల్ల దాకా పిల్లలు ఎలా నడిచిపోతారు? కాలవ పలకల మీద ర్యాంపులు తీసేయించండి. ముందు మాదే తీయండి" అన్నాను.

ఇక ఒకటే గోల. బళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి, వానకి నీళ్ళు లోపలికొస్తే ఎవరు తోడతారు, తులసమ్మని పీకిస్తావా అని మీద పడ్డారు. మా మామగారు వెనక నుంచి, "పిల్ల దెబ్బకి మా కోడలికి మనసు బాగాలేదండీ, ఏమీ అనుకోకండి" అన్నారు. అందరూ జాలిగా తలలూపారు. ఆ జాలి చూసి నాకు చిర్రెత్తుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే కొట్టుగదిలోంచి గడ్డపలుగు తీశాను. మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారు. మామగారు కాఫీ తాగుతూ చూసి, గ్లాసు అక్కడే వదిలేసి, నాకన్నా ముందు పోయి ర్యాంపు మీద కూర్చున్నారు.

"ముందు నన్ను పొడువు. తర్వాత దీన్ని పొడువు."

"లేవండి మామయ్యగారూ."

"లేవను. దగ్గరుండి కట్టించుకున్నా. ఎవడో తాగి ఆటో నడిపితే నా ర్యాంపేం చేసింది?"

"వాడు తాగలేదు. మీరు చూశారు, నేనూ చూశాను. లేవండి."

"ఆడదానివి, కోడలివి, వీధిలో నా పరువు తీస్తావా?"

గేట్ల దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు. కోపంతో నాకు కళ్ళు కనపడలేదు. పలుగు ఎత్తి ఆయన మోకాలి పక్కన ఉన్న టైలు మీద శక్తికొద్దీ పొడిచాను. టైలు పగిలి పెచ్చు ఎగిరి ఆయన చెంపకి తగిలింది. చెంప మీద నెత్తురు చుక్క పొడుచుకొచ్చింది. ఆయన బిత్తరపోయి నన్ను చూశారు. నేను ఆగలేదు, మళ్ళీ ఎత్తాను.

"అమ్మా! తాతయ్యని కొట్టొద్దు! తాతయ్య ఆటో నడపలేదు!"

అరుగు మీద కుర్చీలో కాలు చాపుకుని ఉన్న పాప గొంతు అది. కట్టు కాలితోనే కుర్చీలోంచి దిగబోతోంది. గౌను తడిసిపోయింది. నా చేతిలోంచి పలుగు జారి రోడ్డు మీద ఖంగున పడింది.

నాకన్నా ముందు మామగారే లేచి పరుగెత్తారు. ఈసారి ఎవరినీ దాటుకుని పోలేదు, నేరుగా పాప దగ్గరికే వెళ్ళారు. కుర్చీ ముందు చతికిలబడి, చెంప మీద నెత్తురు అరచేత్తో తుడిచేసుకుని, "మీ అమ్మ నన్ను కొట్టట్లేదమ్మా. ర్యాంపుని కొడతంది" అన్నారు.

"ర్యాంపు ఏం చేసింది తాతయ్యా?"

ఆయన గుమ్మం వైపు, పగిలిన టైలు వైపు, మళ్ళీ పాప కాలి వైపు చూశారు.

"నువ్వు రోడ్డులోకి పోవాల్సొచ్చేట్టు చేసిందమ్మా."

"దాన్ని అక్కడ ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టా."

పాప గేట్ల దగ్గర నిలబడ్డ వాళ్ళందరినీ ఒకసారి చూసింది. ఎదురింటాయన, పక్కింటి అబ్బాయి, అందరూ ఉన్నారు. చప్పున రెండు చేతులతో తాతయ్య నోరు మూసేసి, ఆయన చెవిలో రహస్యంగా అంది.

"గట్టిగా చెప్పొద్దు తాతయ్యా. వాళ్ళు వింటే నిన్ను కొట్టేస్తారు."